నీరు వచ్చిన దారి

మాది బంగారుపేట దగ్గర ఒక పల్లె. పొలాల్లో పంపుసెట్లు ఉండేవి గాని, కరెంటు చాలావరకు రాత్రివేళే వచ్చేది. అర్ధరాత్రి లేచి, టార్చిలైటు పట్టుకొని, బావి దగ్గర మోటారు వేసి రావడం మా నాయన పని. ఆ లైటు చెడిపోకుండా చూసుకోవడం నా పని. అప్పుడు నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను.

ఒక వానాకాలం లైటు వెలగడం మానేసింది. విప్పి చూశాను. స్విచ్చు కింది ఇత్తడి రేకుకు పచ్చగా చిలుము పట్టింది. గరుకు కాగితంతో రుద్ది, రేకును కొంచెం పైకి వంచాను. లైటు వెలిగింది. ఇంటిల్లిపాదికీ చూపించి గొప్పలు పోయాను.

నాలుగో రాత్రి జోరున వాన. నాయన బావి గట్టు మీద ఉండగా లైటు ఆరిపోయింది. స్విచ్చు ఎంత జరిపినా వెలగలేదు. చీకట్లో కాలు జారి పడ్డాడు. చీలమండ విరిగి నెల రోజులకు పైగా మంచం పట్టాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదేమో!

నాయనను చూడడానికి మామయ్య వచ్చాడు. ఆయన కోలారు బంగారు గనుల్లో దీపాల గదిలో పనిచేసేవాడు. లైటు విప్పి చూసి, "నీళ్లు యాడనుంచి వచ్చాయిరా?" అని అడిగాడు. నేను తెల్లమొహం వేశాను.

"చిలుము తుడిచినావు సరే, నీళ్లు వచ్చిన దారి మూయలేదు కదా!" అన్నాడు.

గని దీపం గురించి ఆయన ఆ రోజే చెప్పాడు. శివనసముద్రం నుంచి 1902లోనే గనులకు విద్యుత్తు వచ్చింది. అయినా భూమి లోపల ప్రతి మూలకూ తీగలు లాగలేరు. కార్మికుడి నడుముకు బ్యాటరీ, టోపీకి దీపం, రెంటినీ కలుపుతూ ఒక తీగ. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లకు పైనే. అక్కడ దీపం ఆరితే కన్ను పొడుచుకున్నా కానరాదు. చెమట, ఊటనీరు, రాతిదుమ్ము అన్నీ స్విచ్చు సందులోంచే లోపలికి చేరాలని చూస్తాయి. "దీపం ఇచ్చేటప్పుడు అది ఎవరి నెత్తిన ఉంటుందో తలచుకుంటాను" అన్నాడు మామయ్య.

తరువాత ఇద్దరం పనికి కూర్చున్నాం. పాత స్కూటరు ట్యూబు ముక్కను స్విచ్చు మీదుగా తొడిగి, రెండు చివరలూ మైనం పూసిన దారంతో బిగించి కట్టాం. రబ్బరు మీదనుంచే బొటనవేలితో స్విచ్చు జరపవచ్చు. సెల్లులు తీసేసి, లోపల పొడి కాగితం పెట్టి, లైటును కడవ నీళ్లలో ముంచాం. గంట తరువాత తీస్తే కాగితం అంచు తడిసి ఉంది. ఈసారి నీళ్లు అద్దం పక్కనుంచి వచ్చాయి. అక్కడా రబ్బరు చుట్టు వేశాం. రెండోసారి కాగితం పొడిగా వచ్చింది.

ఆ గనులు 2001లో మూతపడ్డాయి. చాలా ఏళ్ల తరువాత విశాఖపట్నంలో, సముద్రంలో మునిగేవారు వాడే దీపాన్ని చూశాను. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం అదనంగా పెరుగుతుంది. అంత ఒత్తిడికి చిన్న సందు చాలు, నీరు చొరబడడానికి. అందుకే ఆ దీపానికి స్విచ్చు కోసం రంధ్రమే పెట్టలేదు. బయట ఒక అయస్కాంతం జరుగుతుంది, లోపల గాజు గొట్టంలోని రెండు సన్నని లోహపు రేకులు దాని ఆకర్షణకు ఒకదానినొకటి తాకుతాయి, దీపం వెలుగుతుంది. నీరు వచ్చే దారే లేదు! ఆ దీపాన్ని చేతిలోకి తీసుకోగానే మామయ్య అడిగిన ప్రశ్న గుర్తుకు వచ్చింది.

వెలిగించడం ఒక్కటే బాగుచేయడం కాదు. ఎందుకు ఆరిందో కనిపెట్టడం, మళ్లీ ఆరకుండా చూడడం బాగుచేయడం.

కాలు బాగైన తరువాత ఒక వాన రాత్రి నాయన మోటారు వేయడానికి బయలుదేరాడు. లైటు నా చేతికిచ్చి, "నువ్వు ముందు నడువు, నీ వెనక నేను వస్తాను" అన్నాడు. బావి దాకా ఆ లైటు ఆరలేదు.