పేరు పుట్టుకను బట్టియా, గుణాన్ని బట్టియా?

బడిలో ‘పంకజం’ అనే మాటను ఎన్నిసార్లు వివరించి ఉంటానో లెక్క లేదు. అవయవార్థాన్ని బట్టి ఏర్పడిన మాట యౌగికం. దానితో నిమిత్తం లేక లోకవ్యవహారంలో నిలిచినది రూఢం. బురదలో పుట్టేవి ఎన్ని ఉన్నా పంకజం తామరకే చెల్లింది గనుక అది యోగరూఢం. ఇంత చెప్పినా, ఆ పంకం దేనినుండి పుట్టిందని ఏ విద్యార్థీ అడగలేదు.

ఆ ప్రశ్న ఈ మధ్య వేరొక దారిన వచ్చింది. భూవిజ్ఞానం చదివిన నా పూర్వవిద్యార్థి ఒకడు పల్లె పిల్లలకోసం పాఠం వ్రాస్తూ, “మాస్టారూ, బెంటొనైట్‌కు తెలుగు మాట చెప్పండి” అన్నాడు. “వస్తువు తెలియకుండా పేరెట్లా పెడతాం నాయనా, ముందు అదేమిటో చెప్పు” అన్నాను. అతడు చెప్పినదీ, పిమ్మట నేను చదువుకొన్నదీ ఇది.

దాదాపు 10 కోట్ల సంవత్సరాల క్రిందట ఉత్తర అమెరికా నడుమ ఒక సముద్రం ఉండేది. పడమటి అగ్నిపర్వతాలు ఎగజిమ్మిన బూడిద గాలిలో కొట్టుకొనివచ్చి, నేటి వయోమింగ్ ఉన్నచోట ఆ నీటి అడుగున పొరలుగా దిగింది. అది మన పొయ్యిలోని బూడిద వంటిది కాదు. కరిగిన శిల హఠాత్తుగా చల్లారి, స్ఫటికాలుగా కుదురుకొనే వ్యవధి లేక, గాజైపోయిన పొడి. గాజు నిలకడ లేనిది. ఉప్పునీటిలో నానగా నానగా అందులోని సిలికా కొంత కరిగిపోయింది. నీరు, మెగ్నీషియం వచ్చి చేరాయి. మిగిలినది పలుచని రేకులుగా అమరింది. ఆ రేకుల ఖనిజం మాంట్‌మొరిల్లొనైట్. అది ప్రధానంగా ఉన్న బంకమన్ను బెంటొనైట్.

ఒక్కొక్క రేకులో రెండు సిలికా పొరల నడుమ ఒక అల్యూమినా పొర ఉంటుంది. అల్యూమినియం స్థానంలో అక్కడక్కడ మెగ్నీషియం చేరడంవల్ల రేకుకు రుణావేశం కలుగుతుంది. దానిని సరిపెట్టడానికి రేకుల సందులలో సోడియమో, కాల్షియమో నిలుస్తుంది. తడి తగిలితే నీరు ఆ సందులలోకి చొచ్చి రేకులను ఎడం చేస్తుంది. మేలైన సోడియం రకం పది పదిహేనింతలు ఉబ్బుతుంది. చమురుబావులు తవ్వేటప్పుడు గోడలు కూలకుండా కాపాడేది ఈ గుణమే.

ఇక పేరు. విల్బర్ నైట్ అనే భూవిజ్ఞాని మొదట దీనిని ‘టేలరైట్’ అన్నాడు. ఆ పేరు అప్పటికే వేరొక ఖనిజానికి ఉన్నందున, 1898లో, అది దొరికిన ఫోర్ట్ బెంటన్ శిలాశ్రేణిని బట్టి బెంటొనైట్ అని మార్చాడు. ఆ కోట పేరేమో ఒక సెనేటరుది! మట్టితో ఏ సంబంధమూ లేని శుద్ధ రూఢం. 1926లో రాస్, షానన్ అనే ఇద్దరు, అగ్నిపర్వతపు గాజు మారి ఏర్పడినదే బెంటొనైట్ అని పుట్టుకను బట్టి నిర్వచించారు. పుట్టుక ఏదైనా ఆ జాతి ఖనిజం ప్రధానంగా ఉంటే చాలునన్న వాడుక తరువాత బలపడింది. మన దేశంలో కచ్ ప్రాంతపు బెంటొనైట్ బూడిదనుండి కాక, దక్కన్ లావా గడ్డకట్టిన బసాల్టు మారడంవల్ల ఏర్పడినదే గదా!

ఆ బసాల్టు మన ఆదిలాబాద్ ప్రాంతానికీ విస్తరించింది. అక్కడ అది శిథిలమై ఏర్పడిన నల్లరేగడిలోనూ ఈ జాతి ఖనిజాలే ఉన్నాయి. రేగడి బెంటొనైట్ కాదు, గుణంలో దానికి బంధువు. నేను పనిచేసిన ఊళ్లలో వానకాలం పిల్లల చెప్పులకు అంటుకొని అడుగు లేవనీయనిదీ, వేసవిలో కాలు ఇరుక్కొనేటంత నెర్రెలు విచ్చేదీ ఆ మట్టే. ఖనిజం పేరు ఎరుగని రైతు దాని ఉబ్బునూ, బిగువునూ తరతరాలుగా ఎరుగును.

‘అగ్నిజమృత్తిక’ అని ఒక సమాసం కల్పించడం నా బోటివానికి క్షణం పని. చెవికి ఇంపుగానే ఉంటుంది. కాని అటువంటి మాటలను పిల్లలు పరీక్షకోసం వల్లించి, మరునాడు మరచిపోవడం ఏళ్ల తరబడి కన్నులారా చూశాను. వయోమింగ్ మట్టికి, కచ్ మట్టికి పుట్టుకలు వేరు, ఉబ్బడం ఒక్కటే. కనుక అతనికి ఇట్లా వ్రాశాను: “నాయనా, ‘ఉబ్బుమన్ను’ అను. ప్రక్కనే బెంటొనైట్ అనీ ఉంచు, పై చదువులకు అక్కరకు వస్తుంది. పుట్టుకను కథగా చెప్పు. అంతకంటె ముందు ఒక ఎండిన రేగడి గడ్డను పిల్లల చేత నీళ్లలో వేయించు.”

మిత్రులారా, మీ ప్రాంతపు రైతుల నోట ఇంతకంటె మంచి మాట ఉంటే తెలియజేయండి. నా మాటను సంతోషంగా ఉపసంహరించుకొంటాను.