ఉక్కునగరంలో నల్లని కాఫీ

ఉదయం ఆరు గంటలకు భిలాయ్ ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు ముగుస్తుంది. చెట్ల నీడలు పరచుకొన్న విశాలమైన రహదారుల మీదుగా వాహనాలు సెక్టర్ల వైపు సాగిపోతాయి. ఆ తరువాత ఇండియన్ కాఫీ హౌస్‌లో పింగాణీ కప్పుల చప్పుడు మొదలవుతుంది. తెల్లని దుస్తులు, విసనకర్రలా విచ్చుకొన్న కుచ్చు తలపాగా ధరించిన పరిచారకుడు బల్లల మధ్య నిశ్శబ్దంగా తిరుగుతూ ఉంటాడు. జబల్‌పూర్ కేంద్రంగా నడిచే కాఫీ కార్మికుల సహకార సంఘం ఈ ప్రాంతానికి దోసెనూ, వడనూ, దక్షిణాది కాఫీ రుచినీ అలవాటు చేసింది.

ఇటీవలి సంవత్సరాలలో ఇటువంటి బల్ల చుట్టూ ఒక కొత్త దృశ్యం అరుదు కాదు. నలుగురు విశ్రాంత ఉద్యోగులు కూర్చుంటారు. మూడు కప్పులలో పాలకాఫీ పొగలు కక్కుతుంది. నాలుగవ కప్పులోని కాఫీ మాత్రం నల్లగా ఉంటుంది. దాని యజమాని జేబులోంచి చిన్న స్టీలు డబ్బా తీసి, చెంచాడు వెన్న అందులో కలుపుకొంటాడు.

“ఇదేం కాఫీ, బావగారూ? కషాయంలా ఉంది!”

“అన్నం మానేశానయ్యా. చక్కెర, పాలు కూడా మానేశాను. కాఫీ ఒక్కటే మానలేకపోయాను.”

ఆ సమాధానం వెనుక ఈ ఊరి కథ కొంత ఉంది.

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయ్ కర్మాగారం రూపొందింది. మొదటి బ్లాస్ట్ ఫర్నెస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దల్లీ రాజహరా గనుల ఇనుపరాయి ఇక్కడ కరిగి, దేశమంతటా పరచుకొన్న రైలు పట్టాలుగా మారింది. పని వెతుక్కొంటూ నలుమూలల నుంచి జనం వచ్చారు. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. పార్వతీపురం, రాయగడ మీదుగా విజయనగరాన్ని రాయపూర్‌తో కలిపే రైలుమార్గం 1931లోనే పూర్తయింది. ఆ పట్టాల మీదుగానే ఉత్తరాంధ్ర కుటుంబాలు ఛత్తీస్‌గఢ్ చేరుకొన్నాయి. 2024 సెప్టెంబరులో దుర్గ్, విశాఖపట్నం నడుమ వందే భారత్ రైలు మొదలయ్యాక పుట్టిల్లు మరింత దగ్గరయింది.

వచ్చినవారికి ఇక్కడి భోజనం పరాయిదిగా తోచలేదు. ఛత్తీస్‌గఢ్‌కు ‘ధాన్ కా కటోరా’, అనగా వరిధాన్యపు గిన్నె అని పేరు. రాత్రి మిగిలిన అన్నాన్ని నీటిలో నానబెట్టి ఉల్లిపాయతో తినే ‘బోరే బాసీ’ ఇక్కడి శ్రామికుని వేసవి ఆహారం. 2022 మే 1న కార్మికుల గౌరవార్థం అందరూ దానిని తినవలసిందిగా నాటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపునిచ్చారు. మన చద్దన్నానికీ దానికీ ఉన్నది పేరులో భేదమే. అటువంటి వరిసీమలో అన్నాన్ని విడిచిపెట్టడం చిన్న నిర్ణయం కాదు.

పిండిపదార్థాలు తగ్గించి బరువు తగ్గవచ్చునన్న ఆలోచన కొత్తది కాదు. లండన్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి విలియం బాంటింగ్, వైద్యుని సలహాపై రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు తగ్గించి సన్నబడి, 1863లో తన అనుభవాన్ని చిన్న పుస్తకంగా ప్రకటించాడు. ఆయన త్రాగిన తేనీటిలో పాలూ లేవు, చక్కెరా లేదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్, మూర్ఛరోగులకు కొవ్వు అధికంగా ఉండే ‘కీటోజెనిక్’ ఆహారాన్ని సూచించాడు. 1972లో డాక్టర్ రాబర్ట్ అట్కిన్స్ గ్రంథం ఈ పద్ధతిని ఇంటింటి మాటగా చేసింది. తెలుగునాట 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ సభలు, ప్రసంగాల ద్వారా ఇదే కోవకు చెందిన ఆహారనియమం విశేష ప్రచారం పొందింది. దానిని మెచ్చుకొన్నవారూ ఉన్నారు, తీవ్రంగా ఆక్షేపించిన వైద్యులూ ఉన్నారు.

పిండిపదార్థాలు బాగా తగ్గినప్పుడు శరీరం నిలవ ఉన్న కొవ్వును కరిగిస్తుంది. కాలేయం దాని నుంచి కీటోన్లను తయారుచేసి, మెదడుకూ కండరాలకూ ఇంధనంగా పంపుతుంది. ఇందుకు రోజుకు 20 నుంచి 50 గ్రాములకు మించి పిండిపదార్థాలు తీసుకోరాదంటారు. ఇప్పుడు మన కాఫీ లెక్క చూడండి. వంద మిల్లీలీటర్ల పాలలో సహజమైన చక్కెర సుమారు 5 గ్రాములు. పైన వేసే రెండు చెంచాల పంచదార 8 నుంచి 10 గ్రాములు. రోజుకు నాలుగు కప్పులు త్రాగేవాడు ఒక్క మెతుకు ముట్టకుండానే హద్దు దాటిపోతాడు. ఉత్త డికాషన్‌లో మాత్రం ఆ రెండూ లేవు. దోషం కాఫీది కాదు, దాని సహచరులది.

ఇక వెన్న సంగతి. దీని మూలం వెదకడానికి ఛత్తీస్‌గఢ్ దాటనక్కరలేదు. రాష్ట్రానికి ఉత్తరాన, సర్గుజా జిల్లాలో, వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున మైన్‌పాట్ పీఠభూమి ఉంది. 1960లలో అక్కడ టిబెటన్ శరణార్థులు స్థిరపడ్డారు. తేనీటిలో వెన్న, ఉప్పు వేసి చిలికి త్రాగడం వారి జాతి ఆచారం. టిబెట్‌లో ఆ తేనీటిని రుచి చూసిన అమెరికా వ్యాపారి డేవ్ ఆస్ప్రీ, దాని స్ఫూర్తితోనే వెన్నకాఫీని ప్రచారంలోకి తెచ్చాడు.

అయితే చలికొండల మీద రోజంతా నడిచే మనిషికి సరిపడేది, పింఛను తీసుకొని కుర్చీలో కూర్చొన్న మనిషికి సరిపడాలని లేదు. ఒక పెద్ద చెంచాడు వెన్నలో సుమారు 100 కేలరీలు, అంతే కొబ్బరినూనెలో 120 కేలరీలు ఉంటాయి. రెండూ కలిపితే మూడు ఇడ్లీలకు తక్కువ కాదు. పైగా ఆ కొవ్వులో అధికభాగం సంతృప్త కొవ్వు. అది కొందరిలో చెడు కొలెస్టరాల్‌ను బాగా పెంచుతుంది. కాగితపు వడపోత లేని కాఫీలో మిగిలే కఫెస్టాల్ అనే పదార్థం కూడా ఆ పనే చేస్తుంది.

అంతకంటె పెద్ద హెచ్చరిక కొలిమి దగ్గర పనిచేసేవారికి. కరిగిన ఇనుము వేడి సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్. దాని సమీపంలో నిలిచిన మనిషి ఒంటి నుంచి నీరు, ఉప్పు చెమటగా కారిపోతాయి. పిండిపదార్థాలు మానిన తొలి రోజులలో మూత్రం ద్వారానూ ఇవే పోతాయి. రెండు నష్టాలూ కలిస్తే తల తిరుగుతుంది. కొలిమి ముందు తల తిరగడం ప్రాణాపాయం. ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మధుమేహపు మాత్రలు గాని వాడేవారు మోతాదు మార్చకుండా అన్నం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మరికొన్ని మాత్రలతో ఈ ఆహారం కలిస్తే, చక్కెర అంతగా పెరగకుండానే రక్తం ఆమ్లపూరితం కావచ్చు. కనుక వెన్నడబ్బా తెరవడానికి ముందు వైద్యుని సంప్రదించడం తప్పనిసరి.

కాఫీ హౌస్‌లో ఎండ బల్లల మీదికి జరుగుతుంది. మూడు కప్పుల అడుగున కరగని పంచదార, నాలుగవదానిలో సన్నని నెయ్యి తెట్టు. ఎదుటివారి దోసె వంక ఒక్కసారి చూసి, నాలుగవ వ్యక్తి తల తిప్పుకొంటాడు. ఫర్నెస్ వేడిలో కలిసి పనిచేసినవారితో గడిపే ఈ అరగంట అతనికి ముఖ్యం. అన్నం విడిచినా, చక్కెర విడిచినా, ఆ బల్ల దగ్గర తన కుర్చీని మాత్రం అతను విడువలేదు. ఆ కుర్చీ నిలుపుకోవడానికి వెన్న అవసరం లేదు. నల్లని డికాషన్ చాలు.