వలిసె పువ్వు గోత్రం

డిసెంబర్‌లో అరకు వెళ్లొచ్చిన ప్రతివాడి డీపీలోనూ ఆ పసుపు పూలే. పొద్దుతిరుగుడు అనుకుంటారు చాలామంది. కాదు, అవి వలిసెలు. వెర్రినువ్వులని కూడా అంటారు. పొద్దుతిరుగుడుకి చుట్టమే, రెండిటిదీ ఒకే కుటుంబం. పుట్టిల్లు ఇథియోపియా. వేసేది సెల్ఫీల కోసం కాదు, నూనె కోసం.

అసలు ఈ మొక్కకి 'సెల్ఫ్' అంటేనే పడదు. మధ్యలో ఉండే చిట్టి పూలల్లో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. అయినా తన పుప్పొడి తన కీలాగ్రం మీద పడితే మొలకెత్తనివ్వదు. ఇంటర్ బోటనీలో ఇలాంటిదాన్ని ఆత్మవంధ్యత్వం అన్నారు. నాకా మాట నచ్చలేదు. వంధ్యత్వం ఎక్కడుంది? పరాయి మొక్క పుప్పొడి వస్తే గింజ చక్కగా కడుతుంది కదా!

గుర్తుపట్టే పని ఎస్ జన్యువులది. ప్రతి మొక్కకీ రెండుంటాయి, వాటిలో రకాలు బోలెడు. పుప్పొడి మీద ఉండే గుర్తు దాన్ని కన్న మొక్కది. అది కీలాగ్రం గుర్తుతో కలిస్తే లాగిన్ ఫెయిల్. మామూలుగా పాస్‌వర్డ్ కలిస్తే తలుపు తీస్తారు, ఇక్కడ కలిస్తే మూసేస్తారు.

ఇదంతా చెప్తే అమ్మమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: "సగోత్రం పనికిరాదన్నమాట."

మరి మేనరికం? మా ఇంట్లో అక్కకి మావయ్య కొడుకుని చేసుకునే మాట నడుస్తోంది. అందుకే కాగితం తీశాను. తల్లి ఎస్1ఎస్2, తండ్రి ఎస్3ఎస్4 అనుకుందాం. పిల్లలు నాలుగు రకాలు. ఏదీ దేన్నీ అణచకపోతే, ఒక్కో మొక్కకి తోబుట్టువుల్లో నాలుగో వంతుతోనే పొత్తు కుదురుతుంది. మన గోత్రం తండ్రి వైపు నుంచే వస్తుంది, అందుకే మేనబావ అడ్డురాడు. వలిసె మాత్రం రెండు వైపులా చూస్తుంది. బంధువులో ఒక్క అక్షరం కలిసినా వద్దంటుంది. అక్క ఆ కాగితం పట్టుకెళ్లి అమ్మకి చూపించింది. అమ్మమ్మ ఇంకా ఏమీ అనలేదు.

కొత్త వంగడాలు తయారుచేసేవాళ్లకి మాత్రం ఇదో తలనొప్పి. మంచి మొక్క దొరికితే దాన్ని దానితోనే తరాల తరబడి కలిపి శుద్ధమైన వరస తీయడం వాళ్ల పాత పద్ధతి. ఇక్కడ కంట్రోల్ సి, కంట్రోల్ వి కుదరదు. ఆవాల కుటుంబంలో ఒక కిటుకుంది: పువ్వు విచ్చకముందే, కాపలా ఇంకా కుదురుకోని మొగ్గని తెరిచి, చేత్తో పుప్పొడి అద్దుతారు. వలిసె పూలేమో మరీ చిన్నవి. అందుకే మంచి మొక్కలు ఏరి, వాటిలో వాటిని కలవనివ్వడమే ఎక్కువ.

పొలంలో ఆ కలిపే పని తేనెటీగలది. మా క్లాసులో ఒకడిది అరకు దగ్గర పల్లె. గట్టు మీద తేనెపెట్టెలు పెట్టిన ఏడాది గింజ బాగా కట్టిందంటారట వాళ్ల నాన్న. ఫొటోలు దిగేవాళ్లు ఈగలకి భయపడి ఆ వైపుకి పోరట.