లోటు చూడాలా... లోతు చూడాలా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏటా డ్రాఫ్ట్ జరుగుతుంది. కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ఆ రోజు ప్రతి అభిమానీ సెలెక్టరే! జట్టులో ఎక్కడ లోటుంటే అక్కడికే మనిషిని తెమ్మంటాడు.

2005లో గ్రీన్‌బే ప్యాకర్స్ 24వ ఎంపికగా క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రోడ్జర్స్‌ను తీసుకుంది. ఆ స్థానంలో అప్పటికే బ్రెట్ ఫార్వ్ లాంటి దిగ్గజం ఉన్నాడు. ఇంట్లో బియ్యం నిండుకుంటే పట్టుచీర కొన్నట్టే కదా! పైగా ఆ జట్టుకి వాటాదారులు అభిమానులే. అడిగే హక్కుంది.

మూడేళ్లు రోడ్జర్స్ ఎక్కువగా బెంచీకే పరిమితమయ్యాడు. 2008లో ఫార్వ్ వెళ్లిపోయాడు. 2011 ఫిబ్రవరిలో రోడ్జర్స్ సూపర్ బౌల్ గెలిపించాడు.

అభిమాని లెక్క తప్పేం కాదు. కాకపోతే అది ఈ ఏటి లెక్క. రేపటి లోటు ఇవాళ కనిపించదు మరి!