బోరు నీళ్ళలో గుహ జీవులు

మ్యూజియం కీపర్‌నని చెప్తే ఉయ్యూరులో చాలామంది నేను రోజూ బందరు రోడ్డు పట్టుకుని విజయవాడ బాపు మ్యూజియానికి వెళ్ళొస్తున్నాననుకుంటారు. నాది అంత కొలువు కాదు. కాలేజీలో జువాలజీ ల్యాబు పక్కనున్న గది నా రాజ్యం. సీసాల్లో ఫార్మలిన్ తగ్గితే పోయాలి, మూతల చుట్టూ మైనం కరిగించి పట్టించాలి, వెలిసిపోయిన చీటీలు తిరగ రాయాలి. పాములు, తేళ్ళు, నత్తగుల్లలు, రెండు తలల మేకపిల్ల ఏ కాలేజీలోనైనా ఉంటాయి. మా గదిలో అదనంగా ఉన్నది తలుపు వెనక గుహల మూల.

గుహ అనగానే మా పిల్లలు ఉండవల్లి అంటారు, కాదంటే మొగల్రాజపురం. అవి మనిషి ఉలితో తొలిచినవి. నీళ్ళు తొలిచినవి చూడాలంటే పల్నాడులో గుత్తికొండ బిలానికో, నంద్యాల జిల్లాలో బెలుంకో, పైన అరకు దారిలో బొర్రాకో వెళ్ళాలి. మాది డెల్టా. పైన రేగడి, కింద ఇసుక, దాని కింద బంకమన్ను. ఇల్లు కట్టుకోవాలన్నా రాయి ఎక్కణ్ణుంచో రావాలి. చెరకు, పసుపు పండే ఊళ్ళో గుహల మూల ఎందుకని స్టాఫ్ రూములో నవ్వారు కూడా.

వాళ్ళు నవ్వుతూ నిలబడ్డ చోటే నా మొదటి పాఠం ఉంది. వరండాలో పరిచినవి బేతంచర్ల బండలు. మా వైపు పాత ఇళ్ళలో అరుగులకూ వంటింటికీ అవే. పిల్లల్ని చుట్టూ నిలబెట్టి, పగిలిన బండ ముక్క మీద పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తాను. బుసబుసమని పొంగుతుంది. ఆ పొంగేది కార్బన్ డయాక్సైడ్. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు అదే వాయువును కలుపుకుని కాస్త పుల్లబడి, సున్నపురాయి పగుళ్ళలో దూరి కరిగిస్తుంది. ఆ కరిగిన సున్నాన్ని మోసుకుని ఖాళీ గుహ కప్పుకు చేరిన చుక్క, అక్కడ వాయువును వదిలేస్తుంది. దాంతో సున్నమూ దిగబడిపోతుంది. చుక్క వెనక చుక్క అలా దిగబెట్టిందే పైనుంచి వేలాడే ఊడ. ఇంత చెప్పాక ఎవడో ఒకడు వంగి, కాళ్ళ కింద బండను చేత్తో తడుముతాడు.

ఈ బండలు తీసే బేతంచర్ల దగ్గరే బిల్లసర్గం గుహలున్నాయి. 1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి అక్కడ ఎముకలు చూసి రాశాడు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకం మొదలెట్టాడు, ఆయన కొడుకు హెన్రీ కొనసాగించాడు. నాకు బాగా పనికొచ్చింది మాత్రం 2014లో వచ్చిన ఫలితం. మళ్ళీ తవ్వి, పొరల కాలం లెక్కగట్టి చూస్తే, గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 కనీసం లక్షేళ్ళుగా, వాటిలో ఎక్కువ భాగం రెండు లక్షల ఏళ్ళుగా ఈ ఉపఖండాన్ని వదిలి పోలేదని తేలింది. పోయింది ఒకే ఒకటి, ఇప్పుడు తూర్పు ఆఫ్రికాలో ఉండే గెలాడా కోతికి చుట్టం. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పెద్ద జంతువులు వరసగా అంతరించిన కాలంలో మన దగ్గర ఇన్ని బతికి బట్టకట్టాయి. నా గదిలో శిలాజం ఒక్కటీ లేదు. అయితే పాత సంగ్రహంలో ఎవరో ఇచ్చిన దుప్పి కొమ్ము ఉంది. దాన్ని తెచ్చి గుహల మూలలో పెట్టాను. ఆ గుహ మట్టిలో దొరికిందీ దుప్పే, మన అడవిలో తిరిగేదీ దుప్పే కనక నేను చూపించేదాంట్లో అబద్ధం లేదు.

వార్షికోత్సవానికి థర్మోకోల్‌తో ఊడలు చేసి, రంగు లైట్లు పెడదామని పిల్లలు ఏటా అడుగుతారు. నేనొప్పుకోను. నిజం గుహల్లోనే ఆ లైట్లు నాకు గిట్టవు. వెలుతురు తగిలిన రాతి మీద పాచి పడుతుంది, వేల ఏళ్ళ సున్నం పచ్చబడుతుంది. గుహ సంగతి చెప్పాలంటే ముందు చీకటి సంగతి చెప్పాలి. ఎండ లేదు గనక మొక్క లేదు. గబ్బిలం బయట తిని వచ్చి లోపల వేసే రెట్టా, వాన నీటితో కొట్టుకొచ్చే ఆకూ అలమే లోపలివాళ్ళకు తిండి. కళ్ళు పనికిరావు, రంగుతో పనిలేదు. స్లొవేనియాలో పోస్టోయ్నా గుహ దగ్గర ప్రోటియస్ అనే గుడ్డి ఉభయచరాన్ని తొట్లలో పెట్టి చూపిస్తారు. మాకంత భాగ్యం లేదనుకునేవాణ్ణి, నాగార్జున విశ్వవిద్యాలయం వాళ్ళ పని గురించి చదివేదాకా.

అక్కడ జువాలజీలో ఆచార్య వై. రంగారెడ్డి, ఆయన శిష్యులు కృష్ణా, గోదావరి తీరాల్లో బోరు నీళ్ళు వడకట్టి, లోకానికి తెలియని చిన్న చిన్న రొయ్యజాతి జీవుల్ని వరసపెట్టి బయటపెట్టారు. వాటిలో బాతినెల్లా వర్గం ఒకటి. ఆ వర్గంలో 1882లో మొదట వర్ణించిన జీవి ప్రాగ్ నగరంలో ఒక బావిలో దొరికింది. మన వైపు ఎక్కువగా కనిపించే హాబ్రోబాతినెల్లా ప్రజాతి అంతకు ముందు మడగాస్కర్‌లో ఉన్నట్టు తెలుసు. బాతినెల్లా కాని వేరే వర్గంలో 2011లో ఆంధ్రకాయిడెస్ అని కొత్త ప్రజాతికి పేరు పెట్టారు. దాని చుట్టాలు కాశీ బావుల్లోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్నాయి. దక్షిణ భూఖండాలూ మన దేశమూ గోండ్వానాగా అతుక్కుని ఉన్ననాటి బంధుత్వం అది, సముద్రాలు ఈది వచ్చింది కాదు. ఇసుక రేణువుల మధ్య సందుల్లో కూడా గుహలో ఉన్న చీకటే, తిండి కరువే, మారని చల్లదనమే. మనిషి దూరలేడు గనక మనం దాన్ని గుహ అనం, అంతే.

ఇక మేమూ మొదలెట్టాం. బోరు గొట్టానికి సన్నని వలగుడ్డ సంచి కట్టి మోటారు ఆడించాలి. తర్వాత సంచిని తిరగేసి గిన్నెలో కడగాలి. కొత్త బోరులో ఇసుక తప్ప ఏమీ రాదు, పాతవే నయం. మేం గుడ్డ కడుతుంటే ఒక రైతు గట్టు దిగి వచ్చాడు.

“మీటర్లు బిగించటానికొచ్చారా మాస్టారూ?”

“కాదు బాబాయ్, నీళ్ళలో పురుగులున్నాయేమో చూస్తున్నాం.”

“మా బోరులో పురుగులా! ఊళ్ళో అనమాకండి, పిల్లని చూట్టానికి వస్తున్నారు.”

తెచ్చిన నీళ్ళను గాజుపళ్ళెంలో పోసి సూక్ష్మదర్శిని కింద గంటల తరబడి వెతకాలి. నలక, నలక, మళ్ళీ నలక. ఎప్పుడో ఒకటి కదులుతుంది. మిల్లీమీటరు పొడుగు, తెలుపు కూడా కాదు, అవతలది కనిపించేంత పలచన. కళ్ళుండవు. జాతి పేరు తేల్చడం మా వల్లయ్యే పని కాదు, కాళ్ళ మీది నూగు కూడా లెక్కపెట్టాలి, అది తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు. నాకొచ్చిన చిక్కు వేరు. కంటికి ఆనని జీవిని మ్యూజియంలో ఎట్లా పెట్టేది? సీసాలో వేస్తే ఖాళీ సీసానే కనిపిస్తుంది. చివరికి స్లైడు చేసి, పాత సూక్ష్మదర్శిని కింద బిగించి, పక్కన పెద్ద బొమ్మ గీయించాను. చీటీ మీద వర్గం పేరు, ఊరు, పొలం బోరు అని రాశాను.

ఆ రైతు ఒకరోజు చక్కెర మిల్లు పని మీద ఊళ్ళోకొచ్చి మా గదికి వచ్చాడు. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు. పెళ్ళి కుదిరిందట, ఇప్పుడు ఎవరికి చెప్పుకున్నా పర్వాలేదన్నాడు. తర్వాత చీటీ చదివి, “బోరు ఎవరిదో రాయలేదేం? మా నాన్న వేయించింది” అన్నాడు. ఆ పేరు రాసేదాకా కదల్లేదు.