ఆఖరి తేదీ, అసలు తేదీ

లాత్వియా తూర్పు కొసన లూద్జా అనే చిన్న పట్టణం ఉంది. దాని చుట్టుపక్కల పల్లెల్లో తరాల కిందట ఎస్టోనియా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు ఉండేవాళ్లు. వాళ్ల మాట లుత్సీ. దక్షిణ ఎస్టోనియన్‌లో ఒక యాస. 1893లో ఆస్కర్ కల్లాస్ అనే పండితుడు ఆ పల్లెలన్నీ తిరిగి, నాలుగు వేల పైచిలుకు మందిని లెక్కపెట్టి, మరుసటి ఏడు పుస్తకం వేశాడు. అప్పటికే భాష తరిగిపోతోంది. ధారాళంగా మాట్లాడే ఆఖరి మనిషి నికొలాయ్స్ నికోనోవ్స్ 2006లో చనిపోయాడు.

ఆ 2006 దగ్గర ఆగిపోయాను. మా ఉద్యోగంలో సర్వర్ పడిపోయిన టైమ్ వేరు, అందుకు కారణమైన తప్పు కోడ్‌లోకి చేరిన రోజు వేరు. లుత్సీకి ఆ రోజు ఎప్పుడు?

ఒక్క దెబ్బకి పోలేదు. చర్చిలో వేరే భాష, బడిలో వేరే భాష, పెళ్లిళ్లు పక్క ఊళ్ల వాళ్లతో. పోనీ వాళ్లు మారింది ఏమైనా పెద్ద రాజభాషకా అంటే, ఎక్కువగా లాట్గేలియన్‌కి. అదీ చిన్నదే. మింగే భాష పెద్దదే అయ్యుండక్కర్లేదు. పక్కింటి వంటగదిలో వినపడితే చాలు.

ఇదంతా నాకెందుకంటే, మాది హోసూరు. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో నేను నోరు తెరిస్తే టీమంతా నవ్వేది. ఏడాదిలో మాట మార్చేశాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఒకరోజు ఫోన్లో అవ్వ, "ఏమప్పా, టీవీలో మాట్లాడినట్ల మాట్లాడతా ఉండావే" అనింది. నేను నవ్వేసి ఊరుకున్నాను.

తెలుగుకేం, కోట్ల మంది ఉన్నారు అంటారు. నిజమే. ఎస్టోనియన్‌కీ దాదాపు పది లక్షల మంది ఉన్నారు, సొంత దేశం ఉంది. లుత్సీని అవేవీ కాపాడలేదు.

2020లో ఉల్దిస్ బలోదిస్ అనే భాషావేత్త లుత్సీకి ఒక వాచకం వేశాడు. మాట్లాడేవాళ్లు పోయాక, వాళ్ల మనవల కోసం. ఆ సంగతి చదివిన రాత్రి అవ్వకి ఫోన్ చేసి, మా మాటలోనే మాట్లాడాలని కూర్చున్నాను. రెండు వాక్యాలకే తడబడ్డాను. క్రియల చివర్లు దొరకలేదు. అవ్వ పట్టించుకోలేదు, వానల గురించి చెప్తూనే ఉంది.

పక్కనే ఆడుకుంటున్న మా నాలుగేళ్ల పాప మాత్రం తలెత్తి పకపకా నవ్వింది. "నాన్నా, అలా మాట్లాడుతున్నావేంటి?"