పులిజూదం పుటలు

జూన్ 9, ఆదివారం

రాత్రి మంచి వాన. తెల్లారేసరికి చేలల్లో ఎటు చూసినా మనుషులే. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలకు వజ్రాలు వెతకడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఊళ్ళో రచ్చకట్ట మాత్రం ఖాళీ. పెద్దనాయన, నేను బొగ్గుతో పటం గీసుకొని కూర్చున్నాం.

పులిజూదం పటం రాసిపెట్టుకుంటాను, మళ్ళీ ఎవరినీ అడగనక్కర్లేకుండా. పైన కొన. కొన నుంచి కిందికి 4 గీతలు. వాటిని కోస్తూ 3 అడ్డగీతలు, అన్నిటికీ అడుగున ఇంకో గీత. అడ్డగీతలు రెండు పక్కలకూ బయటికి సాగుతాయి, ఆ కొసలను నిలువుగీతలు కలుపుతాయి. గీతలు కలిసే చోట్లు మొత్తం 23. పులులు 3, మేకలు 15. పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతపిక్కలు. ఒక పులి కొన మీద, మిగతా రెండూ దాని కింద. మేకలను ఒక్కొక్కటే దించాలి, ఒక మేక దిగితే ఒక పులి కదులుతుంది. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. మేక వెనక అదే గీత మీద చోటు ఖాళీగా ఉంటే పులి దాని మీదుగా దూకి కొడుతుంది. పులులకు ఎటూ దారి లేకుండా కట్టేస్తే మేకలవాడు గెలిచినట్టు.

జూన్ 14, శుక్రవారం

బడిలో పిల్లలు ఫోన్లో చెక్కర్స్ ఆడుతున్నారు. ఎదుటి పావు మీదుగా అవతలి ఖాళీ గడిలోకి దూకి కొట్టడమే అందులోనూ. స్పెయిన్‌లోని కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సో 1283లో రాయించిన ఆటల పుస్తకంలో అల్కెర్కె అనే ఆట ఉంది. అది గడుల ఆట కాదు, గీతల ఆట. చెరో 12 పావులు. దాన్నే చదరంగం పలక మీదికి ఎక్కిస్తే చెక్కర్స్ అయిందని చెబుతారు. గీతల మీద దూకే ఆట మా పిల్లలకు పరాయిది కాదు. హంపి మండపాల్లో నేల బండల మీద ఇలాంటి ఆటల పటాలు చెక్కి ఉన్నాయి. ఫోన్లో ఆట నేర్చుకుంటే మంచిదే. బండ మీది ఆటను మరిచిపోతేనే నాకు కష్టం. వీళ్ళకు నేర్పాలి, ముందు నేను గట్టిగా నేర్చుకోవాలి.

ఒక తేడా ఉంది. చెక్కర్స్‌లో కొట్టే వీలుంటే కొట్టి తీరాలి. అందుకే ఒక పావును ఎరగా వేసి ఎదుటివాణ్ణి కావలసిన చోటికి లాగవచ్చు. మా దగ్గర పులికి ఆ బలవంతం లేదు. ఆకలి లేనట్టు కూర్చోగలదు.

జూన్ 30, ఆదివారం

"నువ్వు పులిని సూస్తాండావు నాయనా. పులి యాడికి దూకుతాదో ఆ ఖాళీని సూడు," అన్నాడు పెద్దనాయన. ఆ మాట పట్టుకొని సాయంత్రమంతా కాగితం మీద పటం గీసి ఒక్కో చోటునూ చూశాను.

పక్కల నాలుగు మూలలు, అడుగు గీత రెండు కొసలు: ఈ ఆరింటి మీదుగా ఏ గీతా నేరుగా సాగదు. అక్కడ దిగిన మేకను ఏ పులీ కొట్టలేదు. మూలలు నిండాక పక్క నిలువుగీతల నడిమి చోట్లు రెండూ భద్రం, ఎందుకంటే పైనా కిందా మన మేకలే. అడుగు గీత కొసలు నిండితే మధ్య రెండు చోట్లూ అంతే. అంటే సరైన వరుసలో దించితే 10 మేకలు అంచుల్లోనే ప్రాణభయం లేకుండా ఉంటాయి. ఆపైన మూడో అడ్డగీత మీద, బయటి నుంచి లోపలికి నాలుగు. వాటి వెనక అడుగు గీత నిండి ఉంది కనుక పైనుంచి దూకే పులికి కాలు పెట్టే చోటు లేదు. పదిహేనోది రెండో అడ్డగీత మీద, పక్క అంచును ఆనుకొని. ఇదంతా పులులు దారిలో అడ్డం పడకపోతేనే. అయినా ఇన్నాళ్ళూ చేతికి తోచినచోట దించే ఆటకు ఇంత పొందిక ఉందని చూసి రాత్రి నిద్ర పట్టలేదు.

జూలై 13, శనివారం

టిన్‌స్లీ గురించి చదివాను. అమెరికాలో లెక్కల ప్రొఫెసర్. నలభై ఏళ్ళకు పైగా చెక్కర్స్ పోటీలు ఆడి పది ఆటలైనా ఓడిపోని మనిషి. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో జొనాథన్ షెఫర్ బృందం తయారుచేసిన చినూక్ అనే ప్రోగ్రాంతో 1992లో లండన్‌లో తలపడ్డాడు. నాలుగు ఆటలు గెలిచి రెండు ఓడాడు, మిగతావన్నీ డ్రా. 1994లో మళ్ళీ కూర్చుంటే ఆరు ఆటలూ డ్రా అయ్యాక జబ్బు చేసి తప్పుకున్నాడు, మరుసటి ఏడు పోయాడు. షెఫర్ 2007లో లెక్క పూర్తిచేశాడు: ఇద్దరూ తప్పు చేయకపోతే చెక్కర్స్ డ్రా. ఆ సంగతి తేలినంత మాత్రాన ఆట చచ్చిపోలేదు. తప్పు లేకుండా ఆడటం మనిషికి ఇంకా అంతే కష్టం.

చెక్కర్స్ నేర్పేవాళ్ళు మొదట చెప్పేది వెనక వరుసను తొందరపడి కదపొద్దని. కదిపితే ఎదుటి పావు అక్కడిదాకా వచ్చి రాజవుతుంది. ఖాళీని చూడమన్న పెద్దనాయన మాటా అదే దారిలో ఉంది.

ఆగస్టు 4, ఆదివారం

పెద్దనాయనకు నా అంచుల ఎత్తు తెలిసిపోయింది. ఇప్పుడు మొదట్లోనే ఒక పులిని కిందికి దించి మూలలో కూర్చోబెడుతున్నాడు, నేను వరుస కట్టకుండా. బాగా ఆలోచిస్తే అది నాకే మేలు. కొన మీది పులికి నాలుగు దారులు, దాన్ని కట్టాలంటే 8 మేకలు కావాలి. మూలలోని పులికి రెండే దారులు: ఎదురుగా రెండు మేకలు, వాటి వెనక రెండు, నాలుగింటితో అది ఇక కదలదు. ఇవాళ రెండు పులులను అట్లనే కట్టేశాను.

"అయితే మూడోదాన్ని యట్ల కడతావు?" అన్నాడు. అదే అసలు చిక్కు. పదిహేనో మేక దిగిన మరుక్షణం నుంచి నేనూ కదలాలి. కదిలిన ప్రతి మేకా తన వెనక ఒక ఖాళీ వదులుతుంది. రెండు పులుల చుట్టూ కాపలా ఉన్న మేకలను ముట్టుకోవడానికి లేదు. మిగిలినవాటిలో ఏది ముందు కదలాలి? రెండో అడ్డగీత మీదిదని నా అనుమానం, దాని కింద గీత నిండి ఉంటుంది కనుక. వచ్చే ఆదివారం బడి పిల్లలు ఇద్దరు వస్తామన్నారు. వాళ్ళకు మేకలే ఇస్తాను, ముందు కాపాడటం తెలియాలి. పులులు పెద్దనాయనవి. నేను పక్కన కూర్చుని ప్రతి ఎత్తూ రాసుకుంటాను.